మంచి ముక్కలు వచ్చిన రోజే ఎందుకు ఓడిపోతున్నాను?

ప్రశ్న: అన్నా, నమస్తే. డల్లాస్ దగ్గర ఉంటున్నాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకోసారి ఫ్రెండ్స్ అందరం ఎవరో ఒకరి ఇంట్లో కలిసి పోకర్ టోర్నమెంట్ ఆడుకుంటాం. 18 మందిమి, రెండు టేబుళ్లు, మనిషికి 100 డాలర్లు, మొదట్లో తలా 10,000 చిప్స్. మొదటి ముగ్గురికే డబ్బులు: 900, 540, 360. చెత్త ముక్కలు వస్తే పారేసి కూర్చోవడం నాకు బాగానే వచ్చు. నా ఏడుపంతా మంచి ముక్కలతోనే. ఈ ఏడాది నాలుగు హ్యాండ్స్ నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ఒకటి: మొదటి లెవెల్, బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వెయ్యాల్సిన పందేలు, పెద్దది బిగ్ బ్లైండ్) 50-100. రెండు ఆసులు వచ్చాయి, మొదటి వంతు నాదే. రైజ్ చేస్తే (పందెం పెంచితే) అందరూ పారిపోతారని ఊరికే 100 వేశాను. ఇంకో నలుగురు వచ్చారు. ఫ్లాప్ (మధ్యలో అందరికీ పరిచే మొదటి మూడు ముక్కలు) 9-8-5. చివరికి నా చిప్స్ అన్నీ బిగ్ బ్లైండ్‌లో ఉన్నవాడి 9-8కి పోయాయి. రెండు: 12 బిగ్ బ్లైండ్స్‌కి సరిపడా చిప్స్ మిగిలినప్పుడు జాక్స్. ముందువాడు రైజ్ చేస్తే జాగ్రత్తగా కాల్ మాత్రమే చేశాను (అతను వేసినంతే వేశాను). ఫ్లాప్‌లో క్వీన్ పడింది, అతను బెట్ వేశాడు, ఫోల్డ్ చేశాను (ముక్కలు పారేశాను). మూడు: 30 బిగ్ బ్లైండ్స్‌తో కింగ్స్. ఒకతను రైజ్, నేను రీ-రైజ్, అతను ఆల్-ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ), నేను కాల్. అతని దగ్గర ఆసులు. ఫోల్డ్ చెయ్యాల్సిందని ఇప్పటికీ కుమిలిపోతున్నాను. నాలుగు: నలుగురం మిగిలాం, అందరికీ 45,000 చొప్పున చిప్స్, బ్లైండ్స్ 2,000-4,000. నేను బట్టన్ (డీలర్ సీటు) మీద ఉన్నాను. నా ముందువాడు, చాలా నెమ్మదిగా, ఆచితూచి ఆడే మనిషి, ఆల్-ఇన్ అన్నాడు. నాకు ఏస్-కింగ్. కాల్ చేశాను. అతను ఎనిమిదుల జత చూపించాడు. నాకు ఏ ముక్కా కలవలేదు. బ్యాడ్ లక్ అని అందరూ భుజం తట్టారు.

ఇది నా దురదృష్టమా, నాకు ఆట రాదా? వచ్చే వేసవిలో లాస్ వేగస్ వెళ్లి వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో చిన్న ఈవెంట్ ఒకటి ఆడాలని ఉంది. అందుకే అడుగుతున్నాను.

జవాబు: తమ్ముడూ, అన్నా అని పిలిచావు కాబట్టి చనువుగా నువ్వు అనే రాస్తున్నాను. నాలుగు హ్యాండ్స్‌నీ చిప్స్ లెక్కలతో సహా గుర్తుపెట్టుకుని రాశావు, అందువల్ల సూటిగా చెప్పే వీలు దొరికింది. ఫోల్డ్ చెయ్యాల్సిందని కుమిలిపోతున్నావే, ఆ కింగ్స్ ఒక్కటే నువ్వు సరిగ్గా ఆడిన హ్యాండ్. బ్యాడ్ లక్ అని నలుగురూ ఓదార్చిన ఏస్-కింగ్ నాలుగింటిలోకీ పెద్ద తప్పు.

ముందు ఆసుల సంగతి. నీ ఉత్తరంలో "అందరూ పారిపోతారని" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఈ భయం మనకి రమ్మీ నుంచి వచ్చింది. సంక్రాంతికి చాప మీద కూర్చుని పదమూడు ముక్కలు ఆడిన ప్రతివాడికీ ఇది అనుభవమే. పంచగానే ఒరిజినల్ సీక్వెన్స్ పడింది, పక్కన జోకర్ కూడా ఉంది. అప్పుడు మొహంలో ఏమీ కనిపించనివ్వం. అవతలివాడికి అనుమానం వస్తే 20 పాయింట్లు ఇచ్చి డ్రాప్ అయిపోతాడు. తెలియకుండా కూర్చుంటే 80 దాకా మోస్తాడు. అక్కడ దాచుకోవడమే లాభం. పైగా రమ్మీలో ఒకసారి పడిన సీక్వెన్స్ ఎక్కడికీ పోదు, పక్కవాడు ఏ ముక్క తీసినా నీది నీదే.

హోల్డెమ్‌లో (తలా రెండు ముక్కలతో మీరు ఆడే పోకర్) అలా కుదరదు. మధ్యలో పడే ఐదు ముక్కలూ అందరివీ. నీ రెండు ఆసులు పంచినప్పుడు ఎంత పెద్దవో, ఆ తర్వాత పడే ఒక్కో ముక్కతో అవతలివాళ్లకి వాటిని దాటే దారి ఒక్కొక్కటిగా తెరుచుకుంటుంది. ఎంతమంది లోపల ఉంటే అన్ని దారులు. ఏ ముక్కలున్నాయో తెలియని ఒక్క మనిషి ఎదురుగా ఉంటే ఆసులు 85 శాతం గెలుస్తాయి. ఇద్దరైతే 73. ముగ్గురైతే 64. నలుగురైతే 56. నువ్వు 100 చిప్స్ వేసి ఊరుకుని, 85 శాతం ఉన్న హ్యాండ్‌ని నీ చేతులతోనే 56కి దించుకున్నావు. 9-8 వాడు నిన్ను దెబ్బకొట్టలేదు. అతను బిగ్ బ్లైండ్, ఒక్క చిప్ కూడా అదనంగా వెయ్యకుండా ఫ్లాప్ చూశాడు.

నేనూ కొత్తలో ఇదే చేశాను. మొట్టమొదటి టోర్నమెంట్, ఇస్పేటు ఆసు, కళావరు ఆసు. ముక్కల మూల ఎత్తి చూసినప్పుడు బొటనవేలు వణకడం ఇప్పటికీ గుర్తుంది. ఆ వణుకు ఎవరికీ కనపడకూడదని చెయ్యి ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో మెల్లగా ఒక్క బిగ్ బ్లైండ్ ముందుకి జరిపాను. ఫ్లాప్ 7-7-4. మూడు బెట్ల తర్వాత బిగ్ బ్లైండ్‌లో కూర్చున్న పెద్దాయన 7-2 తిప్పాడు. నేను 300 వేసి ఉంటే ఆ 7-2 డీలర్ దగ్గరికి పోయేది. ఆయన ఆడిన హ్యాండ్ కాదది, నేను ఆడించిన హ్యాండ్.

రైజ్ చేస్తే ఏమయ్యేదో చిప్స్‌లో చూద్దాం. 300 వేశావు, ఒక్కడు కాల్ చేశాడు, బ్లైండ్స్ ఇద్దరూ పారేశారు. పాట్‌లో (మధ్యలో పోగైన చిప్స్) 750. ఫ్లాప్ మీద 500 వేశావు, కాల్ వస్తే పాట్ 1,750. టర్న్ (నాలుగో ముక్క) మీద 1,200, కాల్ వస్తే 4,150. రివర్ (ఐదో ముక్క) మీద 2,800 వేశావంటే, మొత్తం 10,000 చిప్స్‌లో దాదాపు సగం మూడు మామూలు బెట్లతో లోపలికి వెళ్లిపోయాయి. ఎవరూ పెద్ద సాహసం చెయ్యలేదు, ఎవరికీ అనుమానం రాలేదు. పాట్ ముందునుంచీ పెరిగితేనే చివర్లో పెద్దదవుతుంది. మొదట్లో 100 వేసి కూర్చుంటే, నువ్వు గెలిచిన రోజున కూడా వచ్చేది చిల్లరే.

"మరి అందరూ పారేస్తే?" అంటావు. పారేస్తే 150 చిప్స్ వస్తాయి, తీసుకో. దీనికి మందు ఆసుల్లో లేదు, మిగతా హ్యాండ్స్‌లో ఉంది. ఏస్-క్వీన్ వచ్చినా, తొమ్మిదుల జత వచ్చినా, ఆసులు వచ్చినా ఒకే సైజు రైజ్ చెయ్యి. నువ్వు రైజ్ చేసిన ప్రతిసారీ ఆసులు కావని టేబుల్‌కి తెలిస్తే కాల్ చేసేవాళ్లు వాళ్లే దొరుకుతారు. 221 సార్లు పంచితే సగటున ఒకసారి వచ్చే జత అది. ఆ ఒక్క హ్యాండ్ కోసం ప్రత్యేకంగా వేషం మార్చావంటే నాలుగు ఆటల్లో పట్టేస్తారు. ఆసులతో రైజ్ కాకుండా కాల్ చేసే సందర్భాలు లేకపోలేదు. ముందే ఒకడు రైజ్ చేసి, నీ వెనక మాటిమాటికీ ఆల్-ఇన్ తోసే మనిషి కూర్చుని ఉంటే కాల్ చేసి వల వెయ్యొచ్చు. ఐదుగురిని పిలిచి విందు పెట్టడం మాత్రం వల కాదు.

ఆ హ్యాండ్‌లో ఇంకో తప్పు ఫ్లాప్ తర్వాత జరిగింది. నీ దగ్గర 100 బిగ్ బ్లైండ్స్ ఉన్నాయి. 9-8-5 లాంటి ఫ్లాప్ మీద, ఐదుగురు ఉన్న పాట్‌లో నీ బెట్‌ని ఒకడు పెంచాడంటే, నీది అప్పటికి ఒక జత మాత్రమే. ఆసుల జత అయినా ఒక జతే. చిప్స్ తక్కువగా ఉన్నప్పుడు ఆ ఒక్క జత చాలు. చిప్స్ ఎక్కువ ఉన్నకొద్దీ చాలదు. వేగస్ వెళ్లాలనుకుంటున్నావు కాబట్టి ఇది బాగా పట్టించుకో. అక్కడ 10,000 డాలర్ల మెయిన్ ఈవెంట్‌లో 60,000 చిప్స్ ఇచ్చి 100-200 బ్లైండ్స్‌తో మొదలుపెడతారు, అంటే 300 బిగ్ బ్లైండ్స్. ఒక్కో లెవెల్ రెండు గంటలు. అంత లోతున్న చోట ఒక జతతో అన్నీ తోసెయ్యాల్సిన తొందర ఎవరికీ లేదు. చిన్న ఈవెంట్లలో లెవెల్స్ త్వరత్వరగా మారతాయి, భోజనం వేళకే 25, 20 బిగ్ బ్లైండ్స్‌కి వచ్చేస్తావు. అప్పుడు పనికొచ్చేది నీ రెండో హ్యాండ్.

12 బిగ్ బ్లైండ్స్‌తో జాక్స్. నువ్వు "జాగ్రత్తగా" అని రాశావు చూడు, ఆ జాగ్రత్తే నిన్ను ముంచింది. జాక్స్ పట్టుకుని ఫ్లాప్ చూస్తే క్వీన్, కింగ్, ఆసుల్లో ఒక్కటైనా పడే అవకాశం 57 శాతం. అంటే సగం కంటే ఎక్కువసార్లు నీకు నచ్చని బోర్డే వస్తుంది. వచ్చిందా, అవతలివాడు బెట్ వేస్తాడు, అతనికి తగిలిందో లేదో తెలుసుకునేందుకు నీ దగ్గర చిప్స్ లేవు. రెండున్నర బ్లైండ్స్ వేసి, తొమ్మిదిన్నరతో మిగిలి, ఈ ఆటలో నాలుగో పెద్ద జతని పారేశావు. అదే కాల్ బదులు ఆల్-ఇన్ అని ఉంటే? అతను రెండున్నరకి రైజ్ చేశాడనుకో, బ్లైండ్స్ కలిపితే మధ్యలో నాలుగు బిగ్ బ్లైండ్స్ ఉన్నాయి. అతను పారేస్తే ఆ నాలుగూ నీవే, నీ స్టాక్‌లో (నీ ముందున్న చిప్స్‌లో) మూడో వంతు ఒక్క మాటతో పెరిగింది. ఏస్-క్వీన్‌తో కాల్ చేశాడా, సగానికి పైగా నువ్వే గెలుస్తావు, పైగా ఐదు ముక్కలూ చూస్తావు, ఫ్లాప్‌లో క్వీన్ పడిందని భయపడి మధ్యలో లేచిపోయే పని లేదు. 15 బిగ్ బ్లైండ్స్ లోపు ఉన్నప్పుడు నీ ముందు ఎవరో రైజ్ చేశారంటే జాక్స్, క్వీన్స్, ఏస్-కింగ్‌లతో "ఫ్లాప్ చూసి ఆలోచిద్దాం" అన్న దారిని మూసెయ్యి. అదే జాక్స్ 60, 80 బిగ్ బ్లైండ్స్‌తో ఉన్నప్పుడు వస్తే కాల్ చేసి ఫ్లాప్ చూడటంలో తప్పేమీ లేదు. ముక్కలు అవే, నీ ముందున్న చిప్స్ వేరు.

కింగ్స్ గురించి నువ్వు నిద్ర మానుకోవద్దు. 30 బిగ్ బ్లైండ్స్ ఉన్నాయి, డబ్బులు ఇంకా చాలా దూరం. అవతలివాడు మరీ బిగువుగా ఆడే మనిషనే అనుకుందాం, ఆసులు, క్వీన్స్, ఏస్-కింగ్ తప్ప దేనితోనూ ఆల్-ఇన్ వెయ్యడనుకుందాం. వేళ్ల మీద లెక్కపెట్టు. నాలుగు ఆసుల్లోంచి ఆసుల జత 6 రకాలుగా రావచ్చు. క్వీన్స్ జతా 6 రకాలే. ఏస్-కింగ్ మామూలుగా 16 రకాలు, కానీ రెండు కింగ్స్ నీ చేతిలోనే ఉన్నాయి, మిగిలిన రెండు కింగ్స్‌తో నాలుగు ఆసులు కలిస్తే 8. మొత్తం 20. అందులో నిన్ను చంపేవి 6 మాత్రమే. మిగతా 14లో నువ్వే పైచెయ్యి: క్వీన్స్ మీద 80 శాతం పైన, ఏస్-కింగ్ మీద దాదాపు 70. అన్నీ కలిపి చూస్తే నీ గెలుపు 57 శాతం దగ్గర ఉంటుంది, అదీ అవతల అంత పిరికి మనిషి ఉంటే. అతను జాక్స్‌తో కూడా తోసే రకమైతే 60 దాటుతుంది. నీకు కింగ్స్ వచ్చినప్పుడు ఎదురుగా ఉన్న ఒక మనిషికి ఆసులు పడటం 200 సార్లలో ఒక్కసారి. ఎదురుగా ఎనిమిదిమంది ఉన్నా, వాళ్లలో ఎవరికో ఒకరికి పడటం 25 సార్లలో ఒకసారి. ఆ ఒక్కసారిని తలుచుకుని మిగతా 24 సార్లూ భయంతో ఆడితే అసలు నష్టం అక్కడ మొదలవుతుంది. వచ్చే నెలలో మళ్లీ అవే కింగ్స్, అదే మనిషి, అదే 30 బ్లైండ్స్ అయితే మళ్లీ కాల్ చెయ్యి.

ఇంత కంటే పెద్ద దెబ్బ తిన్నవాళ్లున్నారు. 2014లో వేగస్‌లో పది లక్షల డాలర్ల ఎంట్రీ ఫీజుతో బిగ్ వన్ ఫర్ వన్ డ్రాప్ అనే టోర్నమెంట్ జరిగింది. కానర్ డ్రైనన్ రెండు ఆసులతో ఆల్-ఇన్. ఎదురుగా కేరీ కాట్జ్, అతని దగ్గరా రెండు ఆసులే. వందలో 95 సార్లకి పైగా ఇలాంటి పాట్ చెరిసగం అయిపోతుంది. ఆ రోజు బోర్డు మీద నాలుగు ఆఠీన్లు పడ్డాయి, ఆఠీన్ ఆసు కాట్జ్ దగ్గరుంది, అతనికి ఐదూ ఒకే రంగు ముక్కలయ్యాయి. డ్రైనన్ అవుట్. అతను చేసిన తప్పేమిటో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. నీ కింగ్స్‌లో తప్పు వెతకడం కూడా అంతే.

ఇక ఏస్-కింగ్. ఇక్కడ కాస్త ఓపిక పట్టి లెక్క చూడు, ఎందుకంటే టోర్నమెంట్‌కీ మామూలు డబ్బు ఆటకీ ఉన్న తేడా అంతా ఇందులోనే ఉంది.

నలుగురూ సమానం. బహుమతుల మొత్తం 1,800. ఒక్కొక్కరి వాటా విలువ 450 డాలర్లు. నువ్వు కాల్ చేసి గెలిస్తే చిప్స్ రెట్టింపు అవుతాయి, 90,000. మరి డాలర్లూ రెట్టింపై 900 అవుతాయా? కావు. 900 వచ్చేది ఆట మొత్తం గెలిచినవాడికే. సగం చిప్స్ ఉన్న నువ్వు మొదటి స్థానంలోకి వచ్చే అవకాశం 50 శాతం, రెండోది 33, మూడోది 17. 900లో సగం 450, 540లో మూడో వంతు 180, 360లో ఆరో వంతు 60. మొత్తం 690. అంటే గెలిస్తే 450 కాస్తా 690 అవుతుంది, 240 లాభం. ఓడితే 450 మొత్తం పోతుంది, సున్నా. 240 కోసం 450 పందెం కాస్తున్నావు. ఇది గిట్టాలంటే నువ్వు 100కి 65 సార్లు గెలవాలి. మధ్యలో ఉన్న బ్లైండ్స్ కూడా కలిపితే ఒకటి రెండు శాతం తగ్గుతుంది, అంతే. మామూలు డబ్బు ఆటలో అయితే 50కి కాస్త అటూ ఇటూ ఉంటే చాలు.

ఇప్పుడు ఏస్-కింగ్‌ని చూడు. రంగు కలవని ఏస్-కింగ్, అవతలివాడు ముక్కలు చూడకుండానే ఆల్-ఇన్ వేసినా గెలిచేది 65 శాతమే. నీ ముందున్నది కళ్లు మూసుకుని తోసే మనిషి కాదు, నెమ్మదస్తుడని నువ్వే రాశావు. అలాంటివాడి దగ్గర ఉండేవి జతలు, పెద్ద ఆసులు. వాటి మీద నీకు 55 దగ్గర వస్తుంది. ఎనిమిదుల జత మీద అయితే 45. ఆ రోజు ఆసో కింగో పడి నువ్వు గెలిచి ఉన్నా, ఆ కాల్ తప్పే.

ఇంకో మాట చెబితే నమ్మడం కష్టమనిపిస్తుంది. అదే సీట్లో నీకు క్వీన్స్ వచ్చాయనుకో. అవతలివాడు పొరపాటున ముక్కలు తిరగేశాడు, ఏస్-కింగ్. నీ గెలుపు 57 శాతం అని కళ్లెదుట కనిపిస్తోంది. అయినా పారెయ్యాలి. 57 అంటే 65 కాదు కదా. అదే కింగ్స్ అయితే ఏస్-కింగ్ మీద 70 వస్తుంది, కాల్. నలుగురిలో ఒకడి దగ్గర రెండు బ్లైండ్స్ మాత్రమే మిగిలి ఉంటే మాత్రం నువ్వు ఇంకా గట్టిగా పట్టు బిగించాలి. వాడు ఈ రౌండ్‌లోనో వచ్చే రౌండ్‌లోనో పోతాడు, ఏమీ చెయ్యకుండానే నీకు 360 ఖాయమయ్యేలా ఉంది.

ఈ లెక్క చివరికంటా సాగదీస్తే ఆసులు కూడా పారేసే చోటికి చేరుతుంది. వేగస్‌లో శాటిలైట్స్ అని ఉంటాయి. తక్కువ డబ్బుతో ఆడి గెలిచినవాళ్లకి పెద్ద టోర్నమెంట్‌లో సీటు ఇస్తారు. 2003లో క్రిస్ మనీమేకర్ అలా ఆన్‌లైన్ శాటిలైట్ గెలిచి, 839 మందితో మెయిన్ ఈవెంట్ ఆడి 25 లక్షల డాలర్లు పట్టుకెళ్లాడు. శాటిలైట్‌లో మొదటివాడికీ పదోవాడికీ ఒకటే సీటు. 10 సీట్లు, 11 మంది మిగిలారు, నీ స్టాక్ పెద్దది, మూలన ఒకడు ఒక్క బ్లైండ్‌తో ఉన్నాడు. అప్పుడు నీలాంటి పెద్ద స్టాక్ ఆల్-ఇన్ అంటే ఆసులు కూడా ఫోల్డ్. గెలిస్తే రెండు సీట్లు ఇవ్వరు కదా. నువ్వు వేగస్ వెళ్తే శాటిలైట్‌తో మొదలుపెట్టే ఆలోచన ఉంటే ఇది ఒకటికి రెండుసార్లు చదువుకో.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఇది చదువుతున్నవాళ్లకి ఒక్క మాట. 2025లో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని దేశమంతటా నిషేధించింది. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఆ నిషేధం ఉండనే ఉంది. పైన చెప్పిన లెక్కలన్నీ ఊరికే చిప్స్‌తో ఇంట్లో ఆడుకుంటూ నేర్చుకోవచ్చు, రూపాయి అక్కర్లేదు. నీకూ అదే చెబుతున్నాను తమ్ముడూ: నెలకి 100 డాలర్లు పోతే ఇబ్బంది లేదు సరే, వేగస్‌కి మాత్రం పోయినా ఇంట్లో ఎవరికీ తేడా తెలియనంత డబ్బుతోనే వెళ్లు.

వచ్చే నెల ఆటకి నువ్వు చెయ్యాల్సింది ఒకటే పని. ముక్కలు ఎత్తి చూడకముందే నీ చిప్స్‌ని బిగ్ బ్లైండ్‌తో భాగించి మనసులో ఆ అంకె అనుకో. 45,000 ఉంటే, బ్లైండ్ 4,000 అయితే, పదకొండు. ఆ తర్వాత ఎంతమంది మిగిలారు, ఎంతమందికి డబ్బులు అని చూడు. ముక్కలు మూడోది. ఆసులు కనపడగానే గుండె కొట్టుకోవడం ఎవరూ ఆపలేరు, కానీ అప్పటికే అంకె నీ దగ్గరుంటే చెయ్యి దాని పని అది చేస్తుంది.

ఎనిమిదులతో నిన్ను అవుట్ చేసిన ఆ నెమ్మదస్తుడి ఆట కూడా ఒకసారి గుర్తుచేసుకో. అతని హ్యాండ్ నీ ఏస్-కింగ్ కంటే గొప్పదేమీ కాదు, కొద్దిగా ముందుంది, అంతే. కానీ ఆల్-ఇన్ మాట ముందు అన్నది అతను. మిగతా ముగ్గురికీ 65 శాతం కావాలి, ఆ సంగతి అతనికి తెలుసు, అందుకే తోశాడు. అదే ఏస్-కింగ్‌తో అతని కంటే ముందు నీ వంతు వచ్చి, ఆల్-ఇన్ నువ్వు అని ఉంటే, నెమ్మదస్తుడు కాబట్టి ఎనిమిదులు పారేసేవాడు. నీకు 6,000 చిప్స్ వచ్చేవి, ఒక్క ముక్క కూడా తిప్పకుండా. ఈసారి కలిసినప్పుడు ఆ హ్యాండ్‌లో ఏం ఆలోచించాడో అతన్నే అడిగి, నాకు రాయి.